కనుమ రాత్రి ఎనిమిది మందికి భోజనం: రెండు పొయ్యిలు, ఒక కుక్కరు

కొర్లగుంట కోడలు | జనవరి 11
పెళ్లయ్యాక కనుమ వంట మొదటిసారి నా మీద పడింది. అత్తయ్యకు మోకాలి నొప్పి. "నేను పీట వేసుకుని కూర్చుంటాను, గరిటె నీది" అన్నారు. తినేవాళ్లం ఎనిమిది మందిమి: అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, బెంగళూరు నుంచి వస్తున్న వదిన, అన్నయ్య, వాళ్ల పిల్లలిద్దరు.

చిక్కు ఏమిటంటే, తిరుమల కొండకు నడిచి వస్తానని వదినకు మొక్కుంది. మర్నాడు తెల్లవారుజామునే అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెడతారు. అందుకని నీచు ముట్టడం లేదు. మామయ్యకేమో నాటుకోడి లేని కనుమ కనుమే కాదు. ఆయనకు షుగరు కూడా ఉంది.

నేను రాసుకున్నవి ఇవి: నాటుకోడి పులుసు, రాగి సంగటి, మినప వడలు, పితికిపప్పు కూర, గుత్తివంకాయ, పులిహోర, అన్నం, మిరియాల చారు, పచ్చి పులుసు, చక్కెర పొంగలి. ఆ రోజు పగలంతా బంధువుల ఇళ్లు తిరగడమే సరిపోతుంది, సాయంత్రం ఐదుకు గానీ వంటింట్లోకి రాలేను. ఎనిమిదికి వడ్డించాలి. రెండు పొయ్యిల స్టవ్వు, ఐదు లీటర్ల కుక్కరు ఒకటి, మిక్సీ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

తిలక్ రోడ్డు | జనవరి 11
ఎనిమిది మందికి పది రకాలా! అమ్మా, మీరు పెడుతున్నది భోజనమా, మెస్సా?

పలమనేరు పిల్ల | జనవరి 11
ఆ జాబితాలో ఏది కొట్టేసినా పితికిపప్పును మాత్రం ముట్టుకోకండి. 2022లో తిరుపతి వేరే జిల్లా అయిపోయింది గానీ, ఈ కూర విషయంలో మనం ఇంకా ఒకే జిల్లా.

పితికిపప్పు చేసే అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయ) మంచు పడే నెలల్లోనే బాగుంటాయి. కాయ ఒత్తి చూడండి, లోపల గింజ గట్టిగా, నిండుగా తగలాలి. లేత గింజ చారుకు బాగుంటుంది, పితకడానికి పనికిరాదు, వేళ్ల మధ్యే నలిగిపోతుంది. రెండు కిలోల కాయలు తెచ్చుకోండి. ఒలిచాక చూసి ఇంతేనా అనుకుంటారు, పితికాక ఇంకా తగ్గుతుంది. ఎనిమిది మందికి అది సరిపోతుంది.

సంక్రాంతి రాత్రి గింజలు నీళ్లలో వేసి పడుకోండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఈ పనికి పిల్లల్ని కూర్చోబెట్టండి, పోటీ పెట్టుకుని మరీ చేస్తారు. సగం పప్పు గోడకు తగులుతుంది, అది వేరే సంగతి.

కూర కుక్కరులో పెట్టవద్దు. ఒక విజిల్ ఎక్కువైతే చాలు, పప్పు ముద్దయిపోతుంది. మామూలు గిన్నెలో ఇరవై నిమిషాలు ఉడికిస్తే చాలు. గింజ మెత్తబడాలి, రూపం పోకూడదు. ధనియాలు, ఎండుమిర్చి, కొబ్బరి వేయించి నూరిన కారం వేయండి. వంకాయ నాలుగు చీలికలు ఇందులోనే వేస్తే మీ గుత్తివంకాయ కోరిక కూడా తీరుతుంది. వదినగారు మొక్కులో ఉన్నారు కాబట్టి ఉల్లి, వెల్లుల్లి తింటారో లేదో ముందే అడగండి. అవి లేకపోయినా ఈ కూరకు లోటు రాదు.

లెక్కల మాస్టారు | జనవరి 12
నేను రిటైరయ్యాక, మా ఆవిడ పోయాక వంట నేర్చుకున్నవాడిని. చేతి కొలతలు నాకు రావు, కాగితం మీద లెక్కే తెలుసు.

ఐదు నుంచి ఎనిమిది దాకా మూడు గంటలు. పొయ్యిలు రెండు కాబట్టి 360 నిమిషాల మంట. ఇప్పుడు మీ జాబితా: కోడి 75, సంగటి 45, వడలు 45, పితికిపప్పు 40, వంకాయ 40, పులిహోర 30, అన్నం 20, చారు 15, పొంగలి 45. మొత్తం 355. మిగిలినవి ఐదు నిమిషాలు. వాటిలోనే పిల్లలకు పాలు కాచాలి, వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వాలి, మాడిన గిన్నె తోమాలి.

పచ్చి పులుసు మాత్రం ఉంచండి, అది పొయ్యి ఎక్కదు. పొంగలి తీసేయండి. భోగికి ముందు చేసిన అరిసెలు డబ్బాలో ఉంటాయి కదా, వాటిని కాదని కొత్త తీపి ఎవరికోసం? పులిహోర, చారు, వంకాయ కూడా తీసేస్తే 130 నిమిషాలు చేతికి వస్తాయి.

కరకంబాడి రోడ్డు | జనవరి 12
కోడి మాట ఎవరూ ఎత్తడం లేదు. మా ఇంట్లో కొండకు వెళ్లేవాళ్లు ఉన్నారంటే ఆ రోజు గుడ్డు కూడా పగలగొట్టం. ఒక్కరు నియమంలో ఉన్నా ఇల్లంతా ఉన్నట్టే. మామయ్యగారు ముక్కనుమకు తినవచ్చు, కోడి ఎక్కడికీ పారిపోదు.

తిలక్ రోడ్డు | జనవరి 12
తిరుపతిలో ఉండేవాళ్లకు ఏడాదంతా కొండకు వెళ్లే చుట్టాలే. మీ లెక్కన మేము ఎప్పటికీ కోడి తినకూడదు. ఆవిడ పట్టిన నియమం ఆవిడది. మేడమీద మూడు ఇటుకలు పెట్టి, కట్టెల మీద వేరే గిన్నెలో వండితే ఎవరికీ ఇబ్బంది లేదు. మా ఇంట్లో అదే పద్ధతి. గరిటె కూడా కిందికి రాదు.

కరకంబాడి రోడ్డు | జనవరి 12
వాసన వస్తుంది కదా కిందికి.

చిత్తూరు పెద్దమ్మ | జనవరి 12
వాసన సంగతి వదినను అడిగితే సరిపోతుంది, మనం కొట్టుకోవడం ఎందుకు? ఆ అమ్మాయి సరే అంటే మేడమీద వండనీ. కాకపోతే కోడి కావాలన్న మగవాళ్లే వండుకోవాలి. కోడలు పైకీ కిందికీ మెట్లెక్కితే అలిపిరి దాకా వెళ్లకుండానే మొక్కు తీరిపోతుంది.

వడల గురించి ఒక మాట. కనుమనాడు మినుము తినాలంటారు కాబట్టి అవి తప్పవు. మినపప్పు మూడు, నాలుగు గంటలకు మించి నానబెట్టకు. ఎక్కువ నానితే వడ నూనె తాగేస్తుంది. మిక్సీలో రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు చెంచాతో చిలకరించు, గ్లాసుతో పోయకు. మిక్సీ వేడెక్కితే ఆపి మళ్లీ తిప్పు. ఉప్పు మాత్రం నూనె కాగాకే కలుపు. ముందే వేస్తే పిండి జారిపోతుంది. పిండి చుక్క నీళ్లలో వేస్తే తేలాలి.

నైట్ డ్యూటీ నర్సు | జనవరి 13
మామయ్యగారి షుగరు గురించి. రాగులు మంచివే అని ముద్ద మీద ముద్ద లాగించేవాళ్లను చాలామందిని చూశాను. సంగటిలో బియ్యం కూడా ఉంటుంది, మెత్తటి పిండి త్వరగా అరుగుతుంది. అదీ చక్కెరను పెంచుతుంది. చిన్న ముద్ద ఒక్కటి, పక్కన పితికిపప్పు ఎక్కువ పెట్టండి. అరిసెల డబ్బా ఆయనకు అందేచోట ఉంచవద్దు. మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవారైతే తొమ్మిది దాకా ఆకలితో కూర్చోబెట్టవద్దు.

కొర్లగుంట కోడలు | జనవరి 13
మాస్టారూ, మీ 355 చూసి నాకు చెమట పట్టింది. పులిహోర, చారు, గుత్తివంకాయ, పొంగలి తీసేశాను. వదినకు ఫోను చేశాను. "మీరు తినండి, నా గిన్నెలు వేరుగా ఉంటే చాలు" అన్నారు. ఉల్లిపాయ కూడా తినరట. కోడి బాధ్యత మా ఆయనకూ అన్నయ్యకూ అప్పగించాను. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు, అదే అనుమానంగా ఉంది.

మిగిలింది సంగటి. నేను చేస్తే ఉండలు కడుతుంది. పుట్టింట్లో మాకు అలవాటు లేదు.

పుంగనూరు అవ్వ మనవడు | జనవరి 13
మా అవ్వ చెబుతుంటే రాస్తున్నాను.

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల రాగి పిండి, ఆరు గ్లాసుల నీళ్లు. బియ్యం అరగంట నానాలి. అన్నం మెతుకు చిదిమితే మెత్తగా పోవాలి, పైన ఇంకా నీళ్లు నిలిచి ఉండాలి. అందులోంచి ఒక గ్లాసు గంజి తీసి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు పిండిని కుప్పగా మధ్యలో పోసి వదిలేయండి. ఉండలు కట్టేది ఇక్కడే: పిండి పడగానే చేయి ఊరుకోదు, కలిపేస్తారు. కలపకూడదు. తెడ్డు కాడతో మధ్యలో ఒక గుంత చేసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచాలి. పిండి పచ్చివాసన పోయాక దించి, గిన్నెను కాళ్ల మధ్య కదలకుండా పట్టుకుని తెడ్డుతో గిన్నె అంచుకేసి అదిమి ఎనపాలి. గట్టిగా అనిపిస్తే ఆ గంజి పోసుకోండి. చేయి తడుపుకుని ముద్దలు చేయండి.

అవ్వ చివరగా చెప్పింది: ముద్ద చేసిన పది నిమిషాల్లో తినేయాలి. ఆరిన సంగటి రాయి. మా ఊళ్లో కనుమ సాయంత్రం చిట్లాకుప్ప (ఎండు కంపల పోగు) కాల్చి, పశువులు ఇంటికి చేరాకే సంగటి గిన్నె పొయ్యి ఎక్కేది.

లెక్కల మాస్టారు | జనవరి 14
అయితే సంగటి ఏడూ పదికి మొదలుపెట్టండి. సంగటి వేడిగా ఉండగానే వడ్డన మొదలవ్వాలి. ఎవరు రాకపోయినా ఆగవద్దు.

కొర్లగుంట కోడలు | జనవరి 17
జరిగింది చెబుతాను.

పితికిపప్పు అదిరింది. పిల్లలు పొద్దున్నే గంటలో పితికేశారు, ఫ్రిజ్ కింద ఇంకా రెండు పప్పులు దొరుకుతున్నాయి. వదిన రెండుసార్లు వేయించుకున్నారు.

వడల్లో తప్పు నాదే. పెద్దమ్మా, మీరు చెప్పినా వినకుండా ఉప్పు ముందే కలిపేశాను, తరువాత ఫోను వచ్చింది, అరగంట పోయింది. పిండి జారింది. అత్తయ్య పీట మీదినుంచే "రెండు చెంచాల బియ్యప్పిండి వెయ్యి" అన్నారు. చిల్లు పెట్టడం కుదరక బొండాల్లా వేశాను. పిల్లలకు అవే నచ్చాయి.

సంగటి ఉండ కట్టలేదు! పది నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఇక కోడి. మా ఆయన, అన్నయ్య ఆరింటికి మేడమీదికి వెళ్లారు. సగం కట్టెలు పచ్చివి, పొగ తప్ప మంట లేదు. పైగా అమ్మినవాడు లేతది అని ఇచ్చింది ఎంతకీ ఉడకలేదు. ఎనిమిదికి మాస్టారి మాట ప్రకారం వడ్డించేశాను. మామయ్య కొంచెంసేపు మేడమెట్ల వైపు చూసి, మాత్ర వేసుకుని, పితికిపప్పుతో ముద్ద తిని లేచారు. కోడి తొమ్మిదింబావుకు సిద్ధమైంది. అప్పటికి మిగిలిన రెండు ముద్దలు గట్టిపడ్డాయి. పైనున్న ఇద్దరూ అన్నం గిన్నె పైకి తెప్పించుకుని, కళ్లు ఎర్రగా, నాటుకోడి పులుసు అన్నంలో కలుపుకుని తిన్నారు. మామయ్య వాళ్ల దగ్గరికి వెళ్లి రెండు ముక్కలు నోట్లో వేసుకుని, "మీ అమ్మ అయితే కుక్కరులో పెట్టేది" అని కిందికి వచ్చేశారు.

వదిన తెల్లవారుజామున మూడింటికి లేచి, 3,550 మెట్లూ ఎక్కి దర్శనం చేసుకుని వచ్చారు. రాత్రి తిన్నది తేలిగ్గా ఉంది కాబట్టి మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఆయాసం రాలేదన్నారు.

తిలక్ రోడ్డు | జనవరి 17
మేడమీద వండమన్నది నేనే. ఎండు కట్టెలని చెప్పడం మరిచిపోయాను. ముదురు కోడి అయితే కింద మీ కుక్కరును వదిన గిన్నెలకు దూరంగా ఉంచి, పైకే తీసుకెళ్లి ఆ మంట మీదే పెట్టవచ్చు, కాకపోతే అడుగు నల్లబడుతుంది.

కొర్లగుంట కోడలు | జనవరి 17
నా కుక్కరు మేడెక్కదు.

పలమనేరు పిల్ల | జనవరి 17
ఇంతకీ పితికిన తొక్కలు, అనపకాయల పొట్టు ఏమి చేశారు?

కొర్లగుంట కోడలు | జనవరి 17
ఎదురింటి ఆవుకు పెట్టాం. దాని పండుగ కూడా కదా.