‘వార్ హార్స్’ నాటకాన్ని పిల్లలతో కలిసి చూసినవారు తమ అనుభవం చెప్పగలరా?

మొదటి ప్రపంచ యుద్ధ నేపథ్యంలో సాగే ‘వార్ హార్స్’ నాటకానికి, గుర్రాలంటే ప్రాణం పెట్టే మా తొమ్మిదేళ్ల పాపను తీసుకువెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. 2007లో లండన్ నేషనల్ థియేటర్‌లో మొదలైన ఈ నాటకాన్ని నేను ఒకసారి చూశాను. బెత్తంతో అల్లిన జోయీ అనే గుర్రాన్ని ముగ్గురు కళాకారులు ఆడిస్తారు. ఒకరు బయట నిలబడి తలను, ఇద్దరు లోపలి నుంచి ఒంటినీ కాళ్లనూ కదిలిస్తారు. వారు కళ్లెదుటే కనిపిస్తున్నా, గుర్రం ఊపిరి తీసుకుంటున్నట్లు డొక్కలు మెల్లగా ఎగసి, చప్పుడు వచ్చిన వైపు ఒక చెవి తిరగగానే, అది బొమ్మ అన్న మాటే నేను మరిచిపోయాను. అది ముళ్లకంచెలో చిక్కుకున్న ఘట్టంలో నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి కన్నీళ్లు తుడుచుకున్నారు.

పెద్దలనే అంతగా కదిలించిన ఆ ఘట్టాన్ని మీ పిల్లలు ఎలా తీసుకున్నారు? ఫిరంగుల మోతకూ, యుద్ధట్యాంకు రాకకూ భయపడ్డారా? కథను ముందుగానే చెప్పి తీసుకువెళ్లడం మంచిదా? దయచేసి వివరంగా రాయగలరు.