"మాథ్స్ మన అసొంటోళ్లకు కాదు" అంటున్న తొమ్మిదో తరగతి పిల్లాడు: ఏం చేయాలె?

అశోకా జంక్షన్:
మాది హన్మకొండ. మా అక్క కొడుకు ఏడో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం చదివి ఇప్పుడు ఇక్కడ ఇంగ్లిష్ మీడియంలో తొమ్మిది చదువుతున్నాడు. ఎక్కాలు గడగడా చెప్తాడు, కిరాణా కొట్లో చిల్లర లెక్క వాడిదే, కానీ పేపర్లో నాలుగు లైన్ల లెక్క కనబడితే చాలు పెన్ను పక్కన పెట్టేస్తాడు. "మామా, మాథ్స్ మన అసొంటోళ్లకు కాదు" అంటాడు. అమెరికాలో మెక్సికో కుటుంబాల పిల్లలు కూడా ఇట్లనే అంటారని, ఒక సార్ వాళ్లతో పెద్ద పరీక్ష పాస్ చేయించాడని విన్నా. నిజమేనా?

ఓరుగల్లు టు టెక్సస్:
నిజమే అన్నా. ఆయన పేరు హైమే ఎస్కలాంటే, బొలీవియా నుంచి వచ్చాడు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ గార్ఫీల్డ్ హైస్కూల్లో 1982లో 18 మంది పిల్లలు ఏపీ (మన పక్క రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) క్యాలిక్యులస్ పాసయ్యారు. పరీక్ష పెట్టినోళ్లు 14 మంది కాపీ కొట్టారని అనుమానించారు. 12 మంది మళ్లీ రాసి అందరూ పాసయ్యారు. మార్కులు వచ్చినా నమ్మకపోతే పిల్లలు ఏమనుకుంటారో ఆలోచించండి.

నేను ఇక్కడ లైబ్రరీలో హోంవర్క్ సాయానికి పోతుంటా. మెక్సికోలో చదివొచ్చిన ఒక పాప 945ను 7తో భాగించింది. 9లో 7 ఒకసారి పోయి 2 మిగిలింది, 4 దించితే 24, మూడుసార్లు పోయి 3 మిగిలింది, 5 దించితే 35, ఐదుసార్లు. జవాబు 135. తీసివేతలు మనసులోనే చేసి శేషాలు మాత్రమే రాసింది, అక్కడ చాలామందికి నేర్పేదే అట్ల. ఇక్కడ స్టెప్పులు లేవని మార్కులు కోశారు. ఆ పాప మాత్రం తనకే రాదని తేల్చుకుంది. ఇట్లాంటి పిల్లలను, ఇంగ్లిష్ బాగా వచ్చినా, ఇక్కడే పుట్టినా, కింది సెక్షన్‌లో వేస్తే ఆల్జీబ్రా ఆలస్యమై, క్యాలిక్యులస్ దాకా వచ్చేసరికి స్కూలే అయిపోతది. లాటినోలంటే (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నోళ్లు) అందరూ ఒకటే కాదు లెండి, మాథ్స్ అంటే పడిచచ్చే పిల్లలూ ఉన్నారు.

లెక్కల టీచర్, జనగామ:
ఎస్కలాంటే గార్ఫీల్డ్‌లో చేరింది 1974లో. అంటే ఎనిమిదేళ్ల పని అది, ఒక మోటివేషన్ క్లాస్ కాదు, దయచేసి వాడికి వీడియోలు చూపించి వదిలేయకండి. ముందు ఆ నాలుగు లైన్ల లెక్కను తెలుగులో చదివి వినిపించండి. చేస్తే వాడికి అడ్డం పడుతున్నది ఇంగ్లిష్. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఎనిమిదో తరగతిది పట్టుకుని పక్కపక్కన పెట్టి చదివించండి, మా క్లాసులో బాగా పనికొచ్చింది.

కాజీపేట రైల్వే:
అంతా మీడియం మీదికే నెట్టేయకండి సార్. భిన్నాలు రాకుండానే తొమ్మిదికి వచ్చినోళ్లు ఎంతమంది లేరు? అది ఏ భాషలో చదివినా రాదు.

అశోకా జంక్షన్:
రాత్రి కూర్చోబెట్టి చూశా. "36 బస్తాల వడ్లు, మూడో వంతు అప్పుకు పోతే?" అని తెలుగులో అడిగితే 12 పోయి 24 మిగులుతయని ఠక్కున చెప్పాడు. 1/3 + 1/4 రాసిస్తే 2/7 అన్నాడు. అంటే మీ ఇద్దరిదీ నిజమే. జనగామ సార్, ఆ పుస్తకం హన్మకొండలో ఎక్కడ దొరుకుతది? భిన్నాలకైతే ఏ తరగతి నుంచి మొదలుపెట్టాలె?