పిల్లలతో కలిసి బాగుచేసుకోవడానికి పాత మజిల్ కారు: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి?

ప్రశ్న | ఫ్రిస్కో, టెక్సస్

నమస్కారమండీ. మా అబ్బాయికి 15, అమ్మాయికి 12. వారాంతాల్లో ముగ్గురం కలిసి పనిచేసుకునేలా 1960ల నాటి మజిల్ కారు ఒకటి కొనాలనుకుంటున్నాం. రెండు కార్ల గరాజ్‌లో సగం ఖాళీ ఉంది. సాకెట్లు, టార్క్ రెంచ్, జాక్ స్టాండ్లు ఉన్నాయి. ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు మార్చడం వచ్చు, వెల్డింగ్ రాదు. కొనడానికీ బాగుచేయడానికీ కలిపి 25 వేల డాలర్లు అనుకున్నాం. 1969 కమారో, 1966 జీటీఓ, 1965-66 ముస్టాంగ్ మనసులో ఉన్నాయి. రెండేళ్లలో నలుగురం ఎక్కి తిరగాలి. ఏది మేలు?

జవాబు | ట్రాయ్, మిషిగన్

వెల్డింగ్ రాదన్నారు కాబట్టి మోడల్ కన్నా ముందు తుప్పు సంగతి తేల్చుకోండి. ఇంజిన్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, రేటు ముందే తెలుస్తుంది. ఫ్లోర్, ఫ్రేమ్ రెయిల్స్ (అడుగున బరువు మోసే ఇనుప దూలాలు) తుప్పు తిన్న బాడీకి ఎంత ఖర్చవుతుందో తవ్వేదాకా ఎవరూ చెప్పలేరు. పిల్లలు చేయగలిగిన పని కూడా అందులో ఉండదు. బండి ఆరు నెలలు వెల్డర్ షాపులో ఉంటే ఇంట్లో ఉత్సాహం చల్లారిపోతుంది.

రెండో సంగతి, విప్పి డబ్బాల్లో పెట్టిన కారు కొనకండి. వేరొకరు విప్పిన కారులో ఏ బోల్టు ఎక్కడిదో, ఏ ముక్క తప్పిపోయిందో తెలియదు. పూర్తిగా కలిసి ఉండి, వికారంగా ఉన్నా సరే, తన ఇంజిన్‌తో తాను నడిచే కారు కొనండి. ఒక్కో నెల ఒక్కో భాగం బాగుచేస్తూ మధ్యలో వీధి చివరిదాకా తిప్పి తేవచ్చు. పిల్లలు అలా ఎక్కి తిరుగుతుంటేనే పని సాగుతుంది.

మీ మూడింట్లో 1969 కమారో, 1966 జీటీఓ ఈ బడ్జెట్‌లో దొరికితే తుప్పుతోనో, సగం భాగాలతోనో దొరుకుతాయి. ముస్టాంగ్‌కే నా ఓటు. మొదటి రెండు మోడల్ సంవత్సరాల్లోనే పది లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ తలుపు రబ్బరు దగ్గర్నుంచి ఫ్లోర్ ప్యాన్ దాకా ప్రతిదీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు.

మజిల్ కారంటే మధ్యస్థపు బాడీలో పెద్ద వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) అని, ముస్టాంగ్‌ది పోనీ కారు (చిన్న స్పోర్ట్స్ తరహా కారు) జాతి అని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. 1964లో 389 ఘనాంగుళాల ఇంజిన్‌తో వచ్చిన జీటీఓనే అసలు కొలత అంటారు. వాళ్ల మాట నిజమే. కానీ నలుగురు తిరిగే ఇంటి కారుకు 289 వి8 ముస్టాంగ్ చాలు.

జవాబు | మిల్పిటాస్, కాలిఫోర్నియా

అన్న చెప్పినదానికి ఒక సవరణ. 1965-66 కాకుండా 1967 లేదా 1968 హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్న రెండు తలుపుల కారు) చూడండి. కారణం పిల్లలే.

1966 దాకా ముస్టాంగ్ మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే బ్రేక్ ద్రవాన్ని నెట్టే భాగం) ఒకటే గది. ఎక్కడైనా ఒక్క బ్రేక్ గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేక్ పోతుంది. 1967 నుంచి ముందుకూ వెనక్కూ వేర్వేరు గదులు వచ్చాయి. 1968 జనవరి 1 నుంచి కన్వర్టిబుల్స్ (పైకప్పు మడిచే కార్లు) మినహా కార్లన్నిటికీ ముందు సీట్లలో భుజం బెల్టు ఉండాలని ఫెడరల్ నియమం వచ్చింది. ఆ ఏడాది ముస్టాంగ్‌కు గుద్దుకున్నప్పుడు నలిగే స్టీరింగ్ కాలమ్ కూడా వచ్చింది. 1965-66లో కాలమ్ గట్టి ఇనుప కడ్డీ, నేరుగా ఛాతీ మీదికి వస్తుంది. వాటికి మూడు బిందువుల బెల్టు తర్వాత పెట్టుకోవచ్చు గానీ, పైకప్పు అంచులో బలపరిచే పలక వెల్డ్ చేయాలి. కన్వర్టిబుల్‌కు భుజం బెల్టు పట్టించడానికి సరైన చోటే ఉండదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ ముస్టాంగ్‌లలో ట్రంక్ నేల అంటే పెట్రోల్ ట్యాంక్ పైభాగమే. వెనక సీటుకూ ట్యాంకుకూ మధ్య అట్టముక్క తప్ప అడ్డు లేదు. 1967-68లో కూడా అంతే. వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు కాబట్టి, సీటు వెనక ఉక్కు పలక బోల్టులతో బిగించి, చుట్టూ సీలెంట్ వేయడం మీ మొదటి పనుల్లో ఒకటి కావాలి. ఇందుకు తయారు కిట్లు దొరుకుతాయి.

విన్, అంటే కారు గుర్తింపు సంఖ్య, చదవడం నేర్చుకోండి, పిల్లలకు ఇది భలే ఆట. 1981కి ముందు 17 అంకెల విన్ లేదు కాబట్టి, మామూలు కారు చరిత్ర రిపోర్టులు దీనికి పనిచేయవు. ఫోర్డ్‌లో మొదటి అంకె సంవత్సరం, తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ, ఆ తర్వాత రెండంకెలు బాడీ, తర్వాతి అక్షరం ఇంజిన్. 8-ఆర్-01-సి అంటే 1968, శాన్ హోసే, హార్డ్‌టాప్, రెండు బ్యారెల్స్ కార్బురేటర్ ఉన్న 289. ఎఫ్ డియర్‌బోర్న్, టి మెటచన్. ఇంజిన్ అక్షరం ఉండే చోట టి వస్తే 200 ఘనాంగుళాల ఆరు సిలిండర్లు. ఒకేలా కనిపించినా రెండు టిలూ వేరు, జాగ్రత్త.

శాన్ హోసే ఫ్యాక్టరీ నిజానికి మా మిల్పిటాస్‌లోనే ఉండేది, ఇప్పుడు అక్కడ గ్రేట్ మాల్ ఉంది. మెటచన్ ఫ్యాక్టరీ ఉండేది మనవాళ్లు ఎంతోమంది ఉండే ఎడిసన్‌లో. అయితే ఆర్ అని ఉన్నంత మాత్రాన తుప్పు లేదని అనుకోకండి. ఎక్కడ పుట్టిందన్నది కాదు, యాభై ఏళ్లు ఎక్కడ నిలబడిందన్నది ముఖ్యం.

ప్రశ్న | ఫ్రిస్కో, టెక్సస్

చాలా థ్యాంక్సండీ. ఇప్పుడు రెండు కార్లు కళ్లలో పడ్డాయి. ఒకటి 1966 ఫాస్ట్‌బ్యాక్ (వెనక్కి వాలిన పైకప్పు ఉన్న ముస్టాంగ్), సగం విప్పి ఉంది. వి8 అని రాశారు గానీ, ఫోటోల్లో చక్రానికి నాలుగే నట్లు కనిపిస్తున్నాయి. రెండోది 1968 హార్డ్‌టాప్, సి కోడ్, నడుస్తోంది, పెయింట్ బాగోలేదు. వెళ్లినప్పుడు ఏం చూడాలి?

జవాబు | ట్రాయ్, మిషిగన్

మొదటిదాన్ని వదిలేయండి. మీ కన్ను సరిగ్గానే పడింది. ఆ ఏళ్లలో ఆరు సిలిండర్ల ముస్టాంగ్‌కు చక్రానికి నాలుగు నట్లు, వి8కి ఐదు. నాలుగు నట్ల మీద వి8 ఉందంటే ఎవరో ఇంజిన్ ఒక్కటే మార్చి వదిలేశారు. ఆరు సిలిండర్ల కారుకు చిన్న డ్రమ్ములు, తేలిక స్పిండిల్స్, తేలిక వెనక యాక్సిల్, వేరే స్టీరింగ్ లింకేజ్ ఉంటాయి. అవన్నీ మార్చకపోతే ఆ బండి ఆగదు.

రెండోదానికి పగటివేళ, ఎండలో వెళ్లండి. టార్చ్, పలచటి ఫ్రిజ్ అయస్కాంతం (గుడ్డలో చుట్టి), పాత దుప్పటి, రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి.

అన్నిటికన్నా ముందు కౌల్ చూడండి. హుడ్‌కూ ముందు అద్దానికీ మధ్య గాలి లోపలికి వెళ్లే చిల్లుల భాగం అది. దాని కింద ఒక తొట్టి ఉంటుంది. లోపల ఆకులు, మట్టి పేరుకుని తడిగా నిలిచి, గాలి గొట్టం అంచు తుప్పు పడుతుంది. యజమానిని అడిగి కుడివైపు ఒక సీసా నీళ్లు మెల్లగా పోయించండి, అమ్మాయిని డ్యాష్ కింద టార్చ్‌తో కూర్చోబెట్టండి. తర్వాత ఎడమవైపు. నీళ్లు ముందు చక్రాల వెనక నుంచి బయటికి పోవాలి. లోపల ఒక్క చుక్క పడినా కౌల్ పోయినట్టే. బాగుచేయాలంటే అద్దం, ఫెండర్లు తీసి, వరసగా ఉన్న స్పాట్ వెల్డ్‌లన్నీ డ్రిల్ చేయాలి. మీరు ఇంట్లో చేసే పని కాదు. ఫ్లోర్ ప్యాన్‌లు ముందు కుళ్లేది కూడా ఈ నీళ్ల వల్లే, కాబట్టి కొత్త ఫ్లోర్ వేసి కౌల్ వదిలేసిన కారైతే మళ్లీ అదే కథ.

అయస్కాంతం వెనక చక్రాల వెనక భాగంలో, తలుపుల కింది అంచుల్లో, ముందు ఫెండర్ల కింద పెట్టి చూడండి. పట్టని చోట బాండో (తుప్పు, సొట్టలు నింపే ముద్ద) మందంగా ఉంది. కారు కింద కొత్తగా నల్ల తారు పూత కనిపిస్తే అనుమానించండి, చాలాసార్లు అది తుప్పు మీద ముసుగు. దుప్పటి పరిచి పడుకుని ఫ్రేమ్ రెయిల్స్‌ను, తలుపుల ముందరి టార్క్ బాక్సులను (బాడీని బిగువుగా ఉంచే ఇనుప పెట్టెలు) స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లింది మెత్తగా మోగుతుంది. ఇంజిన్‌కు రెండు వైపులా స్ప్రింగ్ కూర్చునే షాక్ టవర్లు ఉంటాయి, వాటి అతుకుల దగ్గర పగుళ్లు చూడండి. తలుపులు తెరిచి మూయండి. ఎత్తితే తప్ప పడకపోతే కీలైనా అరిగి ఉండాలి, బాడీ అయినా కుంగి ఉండాలి.

ఇంజిన్ చల్లగా ఉండగానే చూపించమనండి, ముందే వేడిచేసి ఉంచితే స్టార్టింగ్ కష్టాలు దాగిపోతాయి. వేడెక్కాక ఎనిమిది ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడండి. అతి తక్కువ సిలిండర్, అతి ఎక్కువదానిలో 75 శాతమైనా ఉండాలి. తక్కువున్న దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో.

టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్న విన్, కారు మీద ఉన్న విన్ అక్షరం అక్షరం కలవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు ఇవ్వకండి.

జవాబు | ఎడిసన్, న్యూజెర్సీ

ఎవరైనా ఇంకా జీటీఓ, షెవెల్ వైపు చూస్తుంటే రెండు మాటలు. జీటీఓ 1964-65లో టెంపెస్ట్ లె మాన్స్‌కు ఒక ఆప్షన్ మాత్రమే, విన్ చూసి జీటీఓ అని చెప్పలేరు. 1966 నుంచి 1971 దాకా 242తో మొదలవ్వాలి. షెవెల్ ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) 396 అయితే 1966-68లో 138. 1969 నుంచి ఎస్‌ఎస్ మళ్లీ ఆప్షన్, బిల్డ్ షీట్ (ఫ్యాక్టరీలో కారుకు ఏమేం వేశారో రాసిన కాగితం) లేకుండా నమ్మకండి. 1969 కమారోలో 124 అంటే వి8 అని మాత్రమే అర్థం, ఎస్‌ఎస్ అని కాదు. బ్యాడ్జీలు ఎవరైనా కొనుక్కుని అతికించుకోవచ్చు.

తక్కువ ధరలో డాడ్జ్ డార్ట్, ప్లిమత్ డస్టర్ కూడా మంచి కార్లు. టార్షన్ బార్ల (ముందు స్ప్రింగులకు బదులు మెలిపడే కడ్డీలు) వెనక చివరలు పట్టుకునే క్రాస్‌మెంబర్ తుప్పు చూసుకోవాలి. ముస్టాంగ్‌కు దొరికినన్ని కొత్త ప్యానెళ్లు వీటికి దొరకవు. 1970 దాకా వీటిలో డ్రైవర్ వైపు చక్రాల నట్లు ఎడమచేతి మరవి, అలవాటుగా తిప్పితే స్టడ్ విరుగుతుంది.

ప్రశ్న | ఫ్రిస్కో, టెక్సస్

1968 హార్డ్‌టాప్ చూసొచ్చాం. కౌల్ పొడిగా ఉంది! కంప్రెషన్ 130 నుంచి 145 మధ్య. విన్ కలిసింది. కుడి వెనక చక్రం వెనక కొంచెం బాండో ఉంది. కొంటున్నాం. ఇంటికి తెచ్చాక ఏ వరసలో చేయాలి? పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

జవాబు | మిల్పిటాస్, కాలిఫోర్నియా

శుభం. ఆ కంప్రెషన్‌తో ఇంజిన్ విప్పకండి. పెయింట్ చివరికి ఉంచండి. ముందు ఆగడం, తర్వాత మండకుండా ఉండడం, ఆ తర్వాతే నడవడం.

బ్రేకులు: నాలుగు డ్రమ్ములైతే చక్రాల సిలిండర్లు, మూడు రబ్బరు హోస్‌లు, మాస్టర్ సిలిండర్ కొత్తవి వేయండి. ఇది పిల్లల పనే, కానీ పాత లైనింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ తీయగానే గాలితో ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. పాత షూలను (లైనింగ్ అంటించి ఉండే బ్రేక్ ముక్కలు) మీరే తీయండి, కొత్తవి పిల్లలు బిగిస్తారు. ఒక వైపు విప్పినప్పుడు రెండో వైపు అలాగే ఉంచండి, స్ప్రింగులు ఎలా ఉన్నాయో చూసి పెట్టుకోవచ్చు. లైనింగ్ పొట్టిగా ఉన్న షూ ముందుకు, పొడుగుది వెనక్కు. తిరగేస్తే బ్రేక్ సరిగ్గా పట్టదు, ఒక పక్కే తిరగేస్తే బండి పక్కకు లాగుతుంది. బ్రేక్ ద్రవం డాట్ 3 రకం.

ఇంధనం: ఇప్పటి పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును తినేస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ప్రతి రబ్బరు ముక్కా మార్చండి. ట్యాంక్ దింపడం పెద్దల పని, పిల్లలు గరాజ్ బయట ఉండాలి. గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటే ట్యాంకును బయట, ఆరుబయట దింపండి. వెనక సీటు పలక కూడా ఈ విడతలోనే వేసేయండి.

ఆయిల్: 289కి ఫిల్టర్‌తో కలిపి 5 క్వార్ట్‌లు. దీనిది ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్, అంటే వాల్వులను తెరిచే క్యామ్ ట్యాపెట్ల మీద రాసుకుంటూ తిరుగుతుంది. మామూలు కార్ల ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ తగ్గించారు, క్యామ్ అరుగుతుంది. పాత ఇంజిన్ల కోసం అమ్మే, జింక్ 1,000-1,200 పీపీఎం ఉన్న ఆయిల్ వాడండి.

అబ్బాయికి కార్బురేటర్ ఇవ్వండి. దీని మీద ఉండే ఆటోలైట్ 2100 విప్పి కలపడం నేర్చుకోవడానికి చక్కటిది, గాస్కెట్ కిట్‌తో ఒక వారాంతం పని. అమ్మాయికి ఫోటోలు, జిప్ సంచులు, మార్కర్ అప్పగించండి. ప్రతి బోల్టు ఎక్కడ తీశారో రాసి పెట్టేది తనే అయితే తను లేకుండా మీ పని జరగదు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-5-4-2-6-3-7-8, ప్లగ్ తీగలు ఒక్కొక్కటే మార్చమనండి.

ముందు కాయిల్ స్ప్రింగుల జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. నొక్కి పట్టిన స్ప్రింగ్ జారితే ప్రాణం తీస్తుంది. ఆ పని, హార్డెనర్‌తో కలిపే రెండు భాగాల పెయింట్ అంటే ఐసోసైనేట్ ఉన్న పూత, ఈ రెండూ షాపుకే ఇవ్వండి.

రోడ్డెక్కే ముందు టైర్ గోడ మీద డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 1214 అంటే 2014లో 12వ వారం. పదేళ్లు దాటిన టైరు గీతలు ఎంత కొత్తగా ఉన్నా తీసేయండి. మొదటి 50 మైళ్లు తిరిగాక చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో ఇంకోసారి బిగించండి.