రిమోట్‌లోనే డేటా వచ్చేస్తుంటే పిల్లల్ని బీమ్‌లైన్‌కు పంపడం దండగ ఖర్చేనా?

మంచు_వలయం (చర్చ మొదలుపెట్టినవారు):

మాది హైదరాబాద్‌లో ఓ చిన్న ప్రొటీన్ క్రిస్టల్లోగ్రఫీ ల్యాబ్, అంటే ప్రొటీన్ స్ఫటికాల మీద ఎక్స్-రేలు వేసి ఆ ప్రొటీన్ నిర్మాణం తేల్చే పని. క్రిస్టల్స్‌ని ఇక్కడే పిన్‌ల కొసనుండే చిన్న లూపుల్లోకి ఎత్తి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, పక్‌ల్లో (పిన్‌లు పట్టే గుండ్రటి డబ్బాల్లో) సర్ది, డ్రై షిప్పర్‌లో (ద్రవం ఒలకని చల్లటి పాత్రలో) ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు, అంటే ఈఎస్ఆర్ఎఫ్ సింక్రోట్రాన్‌కు (బలమైన ఎక్స్-రేలు పుట్టించే పెద్ద వలయ యంత్రానికి) పంపిస్తాం. ఆ ఎక్స్-రేలు క్రిస్టల్ మీద పడే చోటే బీమ్‌లైన్. షిఫ్ట్ (మాకిచ్చిన బీమ్ సమయం) రోజున పిల్లలు ఇక్కడే కూర్చుని నోమెషీన్‌తో అక్కడి కంప్యూటర్‌లోకి లాగిన్ అవుతారు, బీమ్‌లైన్‌ని నడిపే ఎంఎక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, అక్కడి రోబో ఒక్కో పిన్ ఎక్కిస్తుంటే వీళ్లు డేటా తీస్తుంటారు. మధ్యలో బిర్యానీ పార్సిల్ కూడా వస్తుంది.

ఈసారి ప్రయాణాల పద్దులో కాస్త డబ్బు మిగిలింది. కొత్తగా చేరిన ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థుల్ని ఒక్కసారి అక్కడికి పంపాలని నా ఆలోచన. మా డిపార్ట్‌మెంట్‌లో కొందరు "ఎక్స్‌కర్షన్‌కా?" అంటున్నారు. ఇంకొందరు "బీమ్‌లైన్ మొహం చూడనివాడికి క్రిస్టల్లోగ్రఫీలో డాక్టరేట్ ఏంటి" అంటున్నారు. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

లూప్‌లో_లేను:

దండగే. వెళ్లి చేసేదేముంది? హచ్ (ఎక్స్-రే పడే మూసిన గది) బయట కంట్రోల్ క్యాబిన్‌లో అదే ఎంఎక్స్‌క్యూబ్ స్క్రీన్ ముందు కూర్చోవడం. పక్‌ల్ని రోబో డ్యూయర్‌లో (ద్రవ నైట్రోజన్ తొట్టిలో) పెట్టేంతవరకే చేతిపని, అది అక్కడి స్టాఫ్ చేసిపెడతారు. మ్యాసిఫ్-1 బీమ్‌లైన్‌కైతే ఆ స్క్రీన్ కూడా అక్కర్లేదు. లూప్‌ని తనే వెతుక్కుంటుంది, ఎక్స్-రేతో గళ్లు గళ్లుగా స్కాన్ చేస్తుంది, ఎక్కడ బాగా డిఫ్రాక్ట్ అయితే (ఎక్స్-రే చెదిరి మచ్చలు పడితే) అక్కడ డేటా తీసుకుంటుంది. ఇంగ్లండ్‌లోని డైమండ్ సింక్రోట్రాన్‌లోనూ మనిషి లేకుండా నడిచే క్యూ ఉంది. మనిషి అవసరం లేకుండా చెయ్యడానికి వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడితే, మనం మళ్లీ మనుషుల్ని విమానం ఎక్కిద్దామా? సినిమా చూడ్డానికి ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లాలా సార్?

పాత_ఫిల్మ్:

నాయనా, సినిమా చూసేవాడికి అక్కర్లేదు. తీసేవాడి సంగతి కదా మనం మాట్లాడేది.

స్క్రీన్ ఒకటే, ఒప్పుకుంటాను. పక్కన కూర్చునే మనిషి వేరు. సెలీనియం పెట్టిన ప్రొటీన్‌తో శాడ్ (ఆ సెలీనియం సంకేతంతో నిర్మాణం తేల్చే పద్ధతి) చెయ్యాలనుకోండి. సెలీనియం కె-ఎడ్జ్ (అది ఎక్స్-రేని ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకునే శక్తి) 12.658 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర అని పుస్తకంలో ఉంటుంది. పిల్లవాడు ఆ అంకె కొట్టి డేటా మొదలుపెడతాడు. బీమ్‌లైన్ సైంటిస్ట్ పక్కనుంటే "ఆగు, ముందు ఫ్లోరెసెన్స్ స్కాన్ చెయ్యి, నీ క్రిస్టల్‌లో ఆ సెలీనియం ఆక్సిడైజ్ అయిందో లేదో, అసలు ఉందో లేదో చూద్దాం" అంటాడు. శిఖరం ఎక్కడుందో, మోనోక్రొమేటర్ (ఎక్స్-రే శక్తిని ఎంచే పరికరం) ఎంత జరిగిందో అక్కడికక్కడే చూపిస్తాడు. రిమోట్‌లో ఈ మాట ఎవరంటారు? అవతలివాళ్లు మంచివాళ్లే, ఫోన్ చేస్తే పలుకుతారు. కానీ తనకేం తెలియదో తెలియనివాడు ఫోన్ ఎందుకు చేస్తాడు?

గ్రాంట్_గుమాస్తా:

ప్రయాణాల పద్దులో మిగిలింది కాబట్టి పంపేయండి సార్. దాన్ని ఎక్విప్‌మెంట్ పద్దులోకి మార్చాలంటే రీ-అప్రోప్రియేషన్ ఫైల్ కదలాలి. అది కదిలేలోపు మీ విద్యార్థుల వైవా అయిపోతుంది.

నాలుగో_ఏడాది:

పాత_ఫిల్మ్ సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, అడగకపోవడానికి కారణం రిమోట్ కాదు. ల్యాబ్‌లో ఎవరూ నేర్పకపోవడం. ఉదాహరణకి డోసు, అంటే క్రిస్టల్ పీల్చుకునే ఎక్స్-రే మోతాదు. మా సీనియర్లందరూ చేసే పని ఒకటే: 0.1 డిగ్రీ చొప్పున 3600 ఫ్రేములు, ఫ్రేముకి 0.01 సెకను, ట్రాన్స్‌మిషన్ 100 శాతం, అంటే బీమ్‌ని ఏమీ తగ్గించకుండా. 36 సెకన్లలో అయిపోతుంది, అందరూ హ్యాపీ.

లెక్క వేద్దాం. 1 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర చదరపు మైక్రాన్‌కు 2000 ఫోటాన్లు పడితే ప్రొటీన్ క్రిస్టల్‌కు సుమారు 1 గ్రే (డోసు కొలమానం) అని వాడుకలో ఉన్న మోటు లెక్క. అన్‌డ్యులేటర్ (బలమైన ఎక్స్-రేలు పుట్టించే అయస్కాంతాల వరుస) బీమ్‌లో సెకనుకు లక్ష కోట్ల ఫోటాన్లు, బీమ్ సైజు 20×20 మైక్రాన్లు అనుకోండి. అంటే సెకనుకు 1.25 మెగాగ్రే. 36 సెకన్లకు 45. గార్మన్ బృందం 2006లో ప్రయోగం చేసి చెప్పిన పరిమితి 30 మెగాగ్రే. దాన్ని ఎప్పుడో దాటేశాం. అదే బీమ్‌ని 50×50కి వెడల్పు చేస్తే మొత్తం 7 మెగాగ్రేలే. క్రిస్టల్ బీమ్ కంటే పెద్దదైతే, తిరుగుతున్నకొద్దీ కొత్త భాగం బీమ్‌లోకి వస్తుంది కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. సరైన లెక్కకి రాడోస్-3డీ ప్రోగ్రామ్ ఉంది. ఇదంతా నేను హాస్టల్ గదిలో కూర్చుని నేర్చుకున్నదే, గ్రెనోబుల్‌లో కాదు. పాస్‌పోర్ట్ కూడా లేదు నాకు.

పాత_ఫిల్మ్:

లెక్క బాగుంది తల్లీ. కానీ 30 అనేది క్రిస్టల్ మొత్తం డిఫ్రాక్షన్ తీవ్రత సుమారు 70 శాతానికి పడిపోయే దగ్గరి అంకె. డైసల్ఫైడ్ బంధాలు తెగడం, ఆస్పార్టేట్, గ్లూటమేట్ కార్బాక్సిల్‌లు ఊడిపోవడం అంతకు చాలా ముందే మొదలవుతాయి. నీ ఎంజైమ్ ఆక్టివ్ సైట్‌లో గ్లూటమేట్ ఉంటే 7 కూడా తక్కువేం కాదు. సెలీనియం శాడ్‌కైతే మరీ జాగ్రత్త.

లూప్‌లో_లేను:

చూశారా, ఈ పాఠం ఇప్పుడు ఇక్కడే, రిమోట్‌లోనే జరిగింది 😄

ఐరోపా_ఆవకాయ:

నేను యూరప్‌లో ఓ సింక్రోట్రాన్‌లో బీమ్‌లైన్ స్టాఫ్‌ని. ఎక్కడో చెప్పను. రెండు పక్షాలవాళ్లూ షిఫ్ట్ గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గర యూజర్ల డేటా పాడయ్యేది షిఫ్ట్‌లో కాదండీ, అంతకు ముందు వాళ్ల సొంత ల్యాబ్ బెంచ్ మీద. పక్ మూత తీస్తే నాకు కనిపించేవి చెప్తాను.

మొదటిది మంచు. లూప్ చుట్టూ తెల్లటి పొడి. కొన్నిసార్లు పక్ అడుగున ఉప్పు చల్లినట్టు ఉంటుంది. డ్రాప్ మాత్రం గాజులా స్వచ్ఛంగానే ఉంటుంది, అంటే 25 శాతం గ్లిసరాల్ (డ్రాప్‌లో మంచు కట్టకుండా ఆపేది) తన పని తాను చేసింది. ఈ మంచు బయటి గాలి తేమది. జులై, ఆగస్టుల్లో మన దేశం నుంచి వచ్చే పక్‌ల్లో ఎక్కువ చూస్తాను. ఏసీ లేని గదిలో, మూత లేని థర్మాకోల్ డబ్బాలో, పొద్దుటి నుంచి వాడుతున్న నైట్రోజన్‌లోనే సాయంత్రం దాకా ఫ్రీజ్ చేస్తే ఇలాగే ఉంటుంది. నైట్రోజన్‌లో తెల్లటి నలకలు తేలుతుంటే పారబోసి కొత్తది పోయండి. టాంగ్స్‌ని బయటికి తీసిన ప్రతిసారీ పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ చల్లబరిచి, అప్పుడే పిన్ ముట్టుకోండి. డిఫ్రాక్షన్ చిత్రంలో 3.90, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మూడు వలయాలు వచ్చాక తిట్టుకుని లాభం లేదు. (చర్చ మొదలుపెట్టినవారి పేరు చూసి నవ్వొచ్చింది.)

రెండోది పిన్‌లు. పిన్ కొలతలకున్న స్పైన్ ప్రమాణం ప్రకారం బేస్ అడుగు నుంచి లూప్ దాకా 22 మిల్లీమీటర్లు. ల్యాబ్‌లో లూపులు అయిపోయాయని పాత పిన్‌కి చేత్తో అతికిస్తారు, కాస్త పొడుగొస్తుంది, లేదా వంకరగా ఉంటుంది. రోబో దాన్ని ఎక్కించబోయి తగిలిస్తుంది, ఆగిపోతుంది. ఇక హచ్ తెరవాలి, లోపల ఎవరూ లేరని సెర్చ్ బటన్లు వరుసగా నొక్కుతూ తిరిగి ఇంటర్‌లాక్ వెయ్యాలి. మీ షిఫ్టే కరుగుతుంది.

మూడోది కాగితం. పక్ మీద ఒక నంబర్, షీట్‌లో ఇంకోటి. యూనిపక్‌లో (ఒక రకం పక్) 16 స్థానాలుంటే 9వది ఖాళీ వదిలేసి ఆ సంగతి రాయరు. అక్కణ్నించి శాంపిళ్లన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. లిగాండ్ (ప్రొటీన్‌కు అతుక్కునే చిన్న అణువు) పెట్టిన క్రిస్టల్ అనుకుని ఆపో (లిగాండ్ లేని) క్రిస్టల్‌కి డేటా తీసి, "లిగాండ్ కనపడలేదు" అని రాసుకుంటారు.

డ్రై షిప్పర్ గురించి కూడా. ఖాళీ తూకం షిప్పర్ మీదే రాసిపెట్టండి. నింపాక ఒక రాత్రి వదిలెయ్యండి, లోపలి స్పాంజి లాంటి పొర పూర్తిగా పీల్చుకోవాలి. తగ్గినంత మళ్లీ పొయ్యండి, మిగులు ద్రవాన్ని ఒంపేసి, తూకం వేసి, అప్పుడే పక్‌లు పెట్టండి. ద్రవం ఒంపెయ్యకపోతే ఎయిర్‌పోర్ట్‌లో అది ప్రమాదకర సరుకు. ఒంపేస్తే ఐఏటీఏ (విమానయాన సంస్థల సంఘం) ఏ152 షరతు కింద ఆ నిబంధనలు వర్తించవు. కొరియర్ కౌంటర్ మీద కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు, ఒక కాపీ ప్రింట్ తీసి షిప్పర్‌కి అంటించండి.

ఇక మీ ప్రశ్నకి జవాబు. పంపండి. కానీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టడానికి కాదు. స్టాఫ్ పక్‌లు విప్పే సమయానికి పక్కన నిలబడమనండి. వేరే ల్యాబ్‌ల పక్‌లు ఎలా ఉన్నాయో, తమవి ఎలా ఉన్నాయో ఒక్కసారి చూస్తే ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు.

లూప్‌లో_లేను:

అక్కా, మీరు చెప్పినవన్నీ ఒక ఐదు నిమిషాల వీడియో తీసి పెడితే తెలిసేవే. దానికి వీసా ఎందుకు? మీ మాటలే నా వాదనకి బలం: తప్పు బెంచ్ దగ్గర జరిగితే డబ్బూ బెంచ్ దగ్గరే పెట్టాలి. గదికి డీహ్యూమిడిఫయర్ కొనండి.

ఇంకో మాట. "బీమ్‌లైన్ చూసినవాడే క్రిస్టల్లోగ్రాఫర్" అనే లెక్కలో ఎవరు నష్టపోతారో చూడండి. చంటిబిడ్డ ఉన్న పోస్ట్‌డాక్, వీసా ఆలస్యమైన విద్యార్థి, జిల్లా యూనివర్సిటీలో రెండు లక్షల గ్రాంట్‌తో నెట్టుకొచ్చే లెక్చరర్. రిమోట్ వచ్చాకే వీళ్లకి ఆ తలుపు తెరుచుకుంది. ఈఎస్ఆర్ఎఫ్ కొత్త రింగ్ యూజర్లకు తెరిచింది 2020 ఆగస్టులో, కోవిడ్ నడిమధ్య. ప్రయాణాలు ఆగినా పని ఆగలేదు కదా.

పాత_ఫిల్మ్:

ఆగలేదు, నిజమే. అప్పుడు రిమోట్‌లో కూర్చున్నవాళ్లు చాలామంది అంతకుముందు అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు. ఆ అనుభవం మీద నడిచింది. ఇప్పుడు వచ్చేవాళ్లకి అదీ లేదు. ఈ తేడా తెలియాలంటే ఇంకో పదేళ్లు ఆగాలి, అప్పటికి నేనుండను, నువ్వే చూసుకో.

బెండింగ్_మ్యాగ్నెట్:

అందరూ గ్రెనోబుల్, గ్రెనోబుల్ అంటున్నారు, ఇండోర్ ఎవరికీ గుర్తు రాలేదా? అక్కడి ఆర్ఆర్‌క్యాట్ పరిశోధన కేంద్రంలో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది. 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, 172.5 మీటర్ల రింగ్. అందులో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు కట్టిన పీఎక్స్-బీఎల్21 బీమ్‌లైన్ ప్రొటీన్ క్రిస్టల్లోగ్రఫీ కోసమే ఉంది. ఈఎస్ఆర్ఎఫ్ 6 గిగా, 844 మీటర్లు, దాంతో పోల్చి నవ్వొద్దు. బెండింగ్ మ్యాగ్నెట్ (ఎలక్ట్రాన్ల దారి వంచే అయస్కాంతం) బీమ్ కాబట్టి ఫ్లక్స్ (సెకనుకు పడే ఫోటాన్లు) తక్కువ, డిటెక్టర్ కూడా నిదానంగా చదివే సీసీడీ, వేగంగా చదివే ఐగర్ కాదు. కానీ నేర్చుకునేవాడికి ఈ నిదానమే మేలు. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ వస్తుంటే మచ్చల్ని చూసే తీరిక ఉంటుంది. మొజాయిసిటీ (క్రిస్టల్ లోపలి అమరిక చెదరడం) ఎక్కువుందా, రెండు లాటిస్‌లు (రెండు క్రిస్టల్స్ అమరికలు) కలిశాయా, మంచు వలయం ఉందా, మొదటి చిత్రంలోనే చూసి ఆపెయ్యొచ్చు. 36 సెకన్లలో 3600 ఫ్రేములు వచ్చేచోట ఎవడు చూస్తాడు? డేటాని లెక్కగట్టే ఎక్స్‌డీఎస్ ప్రోగ్రామ్ చెప్పేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

వీసా అక్కర్లేదు, హైదరాబాద్ నుంచి రైలు చాలు, క్రిస్టల్స్ షిప్పర్‌ని వెంటే తీసుకెళ్లొచ్చేమో కనుక్కోండి.

నాలుగో_ఏడాది:

ఇది నాకు నచ్చింది. కానీ చిన్న క్రిస్టల్స్ ఉన్నవాళ్లకి ఇండోర్ డేటా సరిపోకపోతే? 15 మైక్రాన్ల సూదులు మావి.

బెండింగ్_మ్యాగ్నెట్:

సరిపోదు, అవి గ్రెనోబుల్‌కే. నేను చెప్పేది శిక్షణ గురించి. పెద్ద క్రిస్టల్స్ ఇండోర్‌కు, సూదులు గ్రెనోబుల్‌కు అని వేరు చేసుకోండి.

మంచు_వలయం:

అందరికీ థాంక్స్. ఇద్దరినీ ముందు ఇండోర్‌కు పంపాలని అనుకుంటున్నాను. ప్రాజెక్ట్ క్రిస్టల్స్‌తో పాటు లైసోజైమ్, థౌమాటిన్ (తేలిగ్గా క్రిస్టల్ అయ్యే పరీక్ష ప్రొటీన్లు) కూడా పెడతాం. ఈఎస్ఆర్ఎఫ్ షిఫ్ట్ మామూలుగానే రిమోట్‌లో జరుగుతుంది. డబ్బు ఇంకా మిగిలితే వచ్చే ఏడాది ఒకరిని గ్రెనోబుల్‌కు, అదీ ఆవకాయ గారు చెప్పినట్టు పక్‌లు విప్పే రోజుకి. లూప్‌లో_లేను గారూ, డీహ్యూమిడిఫయర్ మాట మాత్రం రేపే కదుపుతాను. ఇంతకీ లైసోజైమ్ తీసుకెళ్లడంలో అర్థముందా?

లూప్‌లో_లేను:

ఇండోర్ ఖర్చు తక్కువ కాబట్టి నోరు మూసుకుంటున్నా, ఒప్పుకున్నానని కాదు. లైసోజైమ్ వద్దు. అది అందరికీ డిఫ్రాక్ట్ అవుతుంది, ఏమీ నేర్పదు.

ఐరోపా_ఆవకాయ:

ఒక్కటి పెట్టండి, ఒక్కటే. ప్రాజెక్ట్ క్రిస్టల్ డిఫ్రాక్ట్ కాకపోతే తప్పు బీమ్‌దా, క్రిస్టల్‌దా అని అరగంట కొట్టుకోకుండా లైసోజైమ్ ఎక్కించి చూస్తే తేలిపోతుంది. అంతకుమించి అక్కర్లేదు.

బెండింగ్_మ్యాగ్నెట్:

ఆర్ఆర్‌క్యాట్ అణుశక్తి విభాగం ప్రాంగణం. ప్రవేశానుమతికి పిల్లల పేర్లు, గుర్తింపు కార్డుల కాపీలు ముందే పంపండి. ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్ లోపలికి తీసుకెళ్లాలంటే ఆ సంగతి కూడా అప్పుడే అడగండి, గేటు దగ్గర కాదు.