సముద్రానికి దగ్గరగా ఉన్న బడికి లోహపు రేకుల కప్పు, ప్యానెల్ గోడలు: సలహా కావాలి

ఉద్దానం మాస్టారు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా బడికి సముద్రం మూడు కిలోమీటర్లు. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మా ఊరి ట్రస్టు నడిపే ఉన్నత పాఠశాల బాధ్యత చూస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దారి పొడవునా కూలిన కొబ్బరి చెట్లను దాటుకుంటూ నేను బడికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. సిమెంటు రేకుల కింద ఉన్న ఆరు గదుల్లో ఒక్కదానికీ కప్పు మిగలలేదు. ఏడో తరగతి గదిలో, పిల్లలు కూర్చునే బల్లల మీదే, మోచేయంత రేకు పెంకులు పడి ఉన్నాయి. అది పగటిపూట జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలలేదు.

మరుసటి ఏడాది దాతల డబ్బుతో నీలం రంగు లోహపు రేకులు వేయించాం. ఇరవై ఏళ్లు వాటి వంక చూడనక్కర్లేదని గుత్తేదారు చెప్పాడు. ఆరేళ్లకే గోడను ఆనుకున్న అంచు పొడవునా తెల్లని పొడి రాలుతోంది, దాని కింద ఎర్రని తుప్పు కనిపిస్తోంది. గోడకూ రేకుకూ మధ్య సందును మేస్త్రీ సిమెంటుతో పూడ్చాడు. తుప్పు సరిగ్గా ఆ సిమెంటు వెంటే నడుస్తోంది. స్క్రూల చుట్టూ కూడా మచ్చలు వచ్చాయి.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది వాన చప్పుడు. జులై నుంచి అక్టోబరు దాకా, గట్టి వాన మొదలైతే మొదటి బల్ల పిల్లలకు కూడా నా గొంతు వినబడదు. పాఠం ఆపి చేతిరాత రాయిస్తాం. పద్యం చదివితే చెవికి ఎక్కాలి. చేతిరాతతో పద్యం రాదు.

ఇప్పుడు ఆ గదులకు కప్పు మార్చాలి. పక్కనే కొత్తగా భోజనశాల, వంటగది కట్టాలి. గదుల వరుస పొడవు 30 మీటర్లు, వెడల్పు వరండాతో కలిపి 8 మీటర్లు. ఒక సరఫరాదారు కప్పుకూ గోడలకూ అన్నిటికీ పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక) వేద్దామంటున్నాడు. ఇంకొకరు మామూలు రేకు వేసి కింద దూది పరుస్తామంటున్నారు. శ్లాబు వేసే స్తోమత ప్రస్తుతం లేదు. గాలికి నిలిచేది, పాఠం వినబడనిచ్చేది ఏది? తుప్పు విషయంలో మేం చేసిన తప్పేమిటి? బడి వెనక కుప్పగా పోసిన పాత సిమెంటు రేకుల ముక్కలను ఏం చేయాలి?

గాలి లెక్కలు, విశాఖపట్నం

మాస్టారూ, నమస్కారం. నేను ఉక్కు కట్టడాల డిజైన్ చేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలోనే ఉన్నాను. మా విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. ఆ తరువాతి వారాల్లో ఎగిరిపోయిన షెడ్లు చాలా చూశాను. రేకు దానంతట అది మధ్యలో చిరిగిపోయిన షెడ్డు అరుదు. ఎక్కువ చోట్ల స్క్రూ దగ్గరో, రేకును మోసే అడ్డకమ్మీ అయిన పర్లిన్‌ను ట్రస్సుకు (కప్పు ఉక్కు చట్రానికి) కలిపే క్లీటు అనే బిగింపు ముక్క దగ్గరో పట్టు వదిలింది. కొన్ని చోట్ల పర్లిన్‌లు రేకులతో సహా పక్క వీధిలో పడ్డాయి.

గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కప్పును పైకి పీలుస్తుంది. కట్టడాల మీద గాలి భారానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. మీ తీరానికి కూడా నేను అదే తీసుకుంటాను. 2015లో సవరించిన ప్రమాణం ప్రకారం, తూర్పు తీరంలో తుపాను తరువాత ప్రజలకు అక్కరకొచ్చే బడులు, ఆసుపత్రుల వంటి వాటికి ఆ వేగాన్ని 1.3తో హెచ్చించాలి. అంటే 65 మీటర్లు. వేగంలో పెరిగింది మూడో వంతు కన్నా తక్కువే, కానీ ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 దగ్గర చదరపు మీటరుకు సుమారు 150 కిలోలున్న ఒత్తిడి 65 దగ్గర 250 దాటుతుంది. మీ రేకు బరువు చదరపు మీటరుకు ఐదు కిలోలు కూడా ఉండదు. ఆ తేడానంతా పట్టి ఉంచవలసింది స్క్రూలే. చూరు అంచున, శిఖరం దగ్గర, నాలుగు మూలల్లో పీల్పు ఇంకా ఎక్కువ. కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా, పర్లిన్‌లు కూడా దగ్గర దగ్గరగా ఉండాలి. మీకు వచ్చిన కొటేషన్లలో కప్పు అంతటికీ ఒకే దూరం రాసి ఉంటే, ఆ లెక్క ఎవరూ చేయలేదని అర్థం.

వరండా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గది కప్పునే ముందుకు సాగదీసి వరండాకు నీడ చేయడం మన బడుల్లో అలవాటు. వరండా కింద గాలి చిక్కుకుని పైకి తోస్తుంది, పైన గాలి పైకి లాగుతుంది. రెండూ కలిసి వరండాను లేపితే, దాని వెంట గది కప్పు కూడా లేస్తుంది. వరండాకు విడి కప్పు వేయండి, గది కప్పు కన్నా ఒక మెట్టు కిందగా. పోతే వరండాతోనే పోతుంది. వీలైతే రెండు వాలుల కప్పు కాకుండా నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు వేయించండి. పాత పెంకుటిళ్లలో మన పెద్దలు వేసినట్టే. గాలికి అది మేలు. వాలు మరీ చదునుగా ఉండకూడదు.

ఇంకొకటి. 1974 క్రిస్మస్ వేళ ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను నేలమట్టం చేసింది. ఆ శిథిలాలను పరిశీలించిన ఇంజనీర్లు గమనించిన ముఖ్య విషయం, రేకులు ఒక్క ఊపున ఊడలేదు. గంటల తరబడి గాలి కొడుతుంటే స్క్రూ తల చుట్టూ రేకు పైకీ కిందికీ ఆడి, తీగను వంచి వంచి తెంపినట్టు, అక్కడ పగులు పట్టింది. పలుచని గట్టి ఉక్కుకు ఈ జబ్బు ఎక్కువ. అందుకే స్క్రూ తల కింద వెడల్పాటి లోహపు వాషరు వేయడం అక్కడ అలవాటైంది. మీ తీరంలో, ముఖ్యంగా అంచుల్లో, నేను అది తప్పక అడుగుతాను.

తలుపులూ కిటికీలూ కప్పులో భాగమే అనుకోండి. గాలివైపు కిటికీ ఒక్కటి పగిలినా లోపలి గాలి కప్పును లోపలి నుంచి తోస్తుంది.

షెడ్ల పని, కాకినాడ

మాస్టారు గారికి నమస్కారం. రేకుల పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మీ గోడ దగ్గరి తుప్పు ఎందుకొచ్చిందో చూడకుండానే చెప్పగలను. ఈ రేకుల మీది పూతలో బరువును బట్టి 55 శాతం అల్యూమినియం, మిగిలినదాంట్లో దాదాపు అంతా జింకు, కొద్దిగా సిలికాన్ ఉంటాయి. గాల్వాల్యూమ్ అంటారు. ఉప్పు గాలికి జింకు పూత మాత్రమే ఉన్న మామూలు జీఐ రేకు కన్నా ఇది చాలా మెరుగు. కానీ సిమెంటులో క్షారం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. తడిసిన ప్రతిసారీ ఇంకొంచెం తింటుంది. గోడకూ రేకుకూ మధ్య సందును సిమెంటుతో పూడ్చడం సిమెంటు రేకుల కాలపు అలవాటు. మేస్త్రీలు దాన్నే లోహపు రేకుకూ తెచ్చారు. గోడలో గాడి కోసి, అదే లోహంతో చేసిన, నీళ్లు లోపలికి దిగనివ్వని వంపు పట్టీ అయిన ఫ్లాషింగ్‌ను అందులో దూర్చి, కింద రేకు మీదికి వంచి, సిలికాన్‌తో మూయాలి. సిమెంటు రేకును తాకకూడదు.

స్క్రూల చుట్టూ మచ్చలకు కారణాలు రెండు. ఒకటి, రేకు మీదే గ్రైండరుతో కోయడం. నిప్పురవ్వలు రంగులో గుచ్చుకుని, మొదటి వానకే ఎర్రబడతాయి. కత్తెరతో కోయాలి. రెండోది, స్క్రూ దిగేటప్పుడు వచ్చే ఉక్కు పొట్టు. సాయంత్రం దిగే ముందు కప్పంతా మెత్తటి చీపురుతో ఊడ్చాలని నా మనుషులకు గట్టిగా చెబుతాను. పావుగంట పని. ఆ పావుగంట ఎవరూ ఇవ్వరు. రబ్బరు వాషరును చూస్తే కూడా పని తెలుస్తుంది. అది స్క్రూ తల కింద కొద్దిగా ఉబ్బి కనిపించాలి. నలిగి బయటికి పొంగితే ఎక్కువ బిగించారని, గుండ్రంగా తిరుగుతుంటే తక్కువ బిగించారని అర్థం.

కొనేటప్పుడు ‘0.5 మిల్లీమీటర్లు’ అన్న మాట నమ్మి ఊరుకోవద్దు. పూత, రంగు కలుపుకుని ఆ మాట చెబుతారు. ఉక్కు మందం విడిగా ఎంతో రాయించుకోండి. లారీ దిగినప్పుడు మైక్రోమీటరుతో కొలవండి. సైన్సు ప్రయోగశాలలో స్క్రూగేజి ఉంటుంది కదా, దానితో మీ పిల్లల చేతే కొలిపించవచ్చు. పూత చదరపు మీటరుకు 150 గ్రాములు ఉండాలి, దాన్ని ఏజెడ్ 150 అంటారు. సముద్రానికి ఇంత దగ్గరలో 70 గ్రాములది వద్దే వద్దు. చౌకగా దొరికేది ఎక్కువగా అదే. శిఖరం నుంచి చూరు దాకా అతుకు లేకుండా ఒకే పొడవులో తెప్పించండి.

వాన కడగని చోటే ఉప్పు పేరుకుంటుంది. చూరు కింద భాగాన్ని, వరండా లోపలి వైపును ఏడాదికి రెండుసార్లు మంచినీళ్లతో కడిగించండి.

లెక్కల టీచరు, ఖమ్మం

మాస్టారూ, వాన చప్పుడు గురించి మా బడి అనుభవం చెబుతాను. మా కంప్యూటర్ గది రేకుల కప్పే. మొదట రేకు కింద థర్మాకోల్ పలకలు కట్టించాం. వేడి తగ్గింది, చప్పుడు రవ్వంత కూడా తగ్గలేదు. తేలికైన నురగ వేడిని ఆపుతుంది గానీ చప్పుడును మింగదు. పైగా అది మండుతుందని ఆలస్యంగా తెలిసి తీసేయించాం. తరువాత రాయి నుంచి తీసిన దూది, 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్‌ను రేకు అడుగు భాగానికి ఆనేలా వల మీద పరిచి, ఒక అడుగు కింద మినరల్ ఫైబర్ సీలింగ్ కట్టించాం. దూది రేకును తాకి ఉంటే చినుకు పడ్డప్పుడు రేకు మోగదు, దబ్బుమంటుంది. జోరువానలో కూడా గొంతు కొద్దిగా పెంచితే చివరి బల్లకు వినిపిస్తోంది. పఫ్ ప్యానెల్ వేసిన మా ఊరి ఫంక్షన్ హాలులో వానప్పుడు ఉన్నాను. చల్లగానే ఉంది, మైకు లేకుండా మాట వినబడలేదు.

రంగు తెలుపు గానీ లేత గోధుమ గానీ తీసుకోండి. ముదురు నీలం మే నెలలో పొయ్యి మీది పెనం.

సైటు ఇంజనీరు, హైదరాబాద్

ఆసుపత్రులు, వాణిజ్య భవనాల పనులు చేయిస్తుంటాను. వంటగదికి పఫ్ గోడలు అన్న మాట చదివి రాస్తున్నాను. దయచేసి వద్దు. పఫ్ అంటే పాలీయురేథేన్ నురగ. రెండు రేకుల మధ్య దాగి ఉంటుంది కాబట్టి బయటికి లోహంలాగే కనిపిస్తుంది. నిప్పు అంటుకుంటే దట్టమైన విషపు పొగ వస్తుంది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. ఒక ఫ్లాటు వంటగదిలోని ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట, గోడల బయటి అల్యూమినియం ప్యానెళ్ల లోపలి పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ వల్ల భవనమంతా ఎక్కింది. మన నగరాల్లో ఎలివేషన్ (ముందువైపు అందం) కోసం బిగించే ఏసీపీ (అల్యూమినియం మిశ్రమ) పలకల్లో కూడా చౌక రకాల మధ్యలో ఉండేది అదే పాలిథిలిన్. ప్యానెల్ కొనే ప్రతి ఒక్కరూ మధ్యలో ఏముందని మొదట అడగాలి.

వంటగదికి ఇటుక గోడ కట్టి, పూత పూయించండి. భోజనశాలకు ప్యానెల్ గోడే కావాలంటే రాక్‌వూల్ నింపినది తీసుకోండి. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, కానీ రాయి నుంచి తీసిన దూది మండదు. అడుగున అడుగెత్తు ఇటుక గోడ కట్టి దాని మీద ప్యానెల్ నిలబెట్టండి, నేల కడిగిన నీళ్లు తగలకుండా.

పాత సిమెంటు రేకుల విషయం. వాటిలో ఉన్నది ఆస్బెస్టాస్. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. ముక్కలను పగలగొట్టవద్దు, నేల చదును చేయడానికి వాడవద్దు, పొడిగా ఊడ్వవద్దు. నీళ్లతో బాగా తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలుగా చుట్టి, పైన ఆస్బెస్టాస్ అని రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి పంపాలి. ఎక్కడికన్నది కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగండి. అందాకా ఆ కుప్పకు కంచె వేయించండి.

ఉద్దానం మాస్టారు

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఆదివారం ఇద్దరు పూర్వ విద్యార్థులను నిచ్చెన ఎక్కించి కప్పు చూపించాను. మూలల్లోనూ, మధ్యలోనూ స్క్రూల మధ్య దూరం ఒకటే. వరండా కప్పు గది కప్పుకు కొనసాగింపే, ఒకే రేకు. మిగిలిపోయిన ముక్కను సైన్సు టీచరు స్క్రూగేజితో కొలిచారు. రంగుతో కలిపి 0.38. బిల్లులో 0.5 అని ఉంది. ఆ బిల్లు మీద సంతకం నాదే. ఈసారి లారీ దగ్గర నేనే నిలబడతాను.

ట్రస్టు సమావేశంలో నేను పెట్టబోయేది ఇది. తరగతి గదులకు ఏజెడ్ 150 పూతతో లేత రంగు రేకు, కింద రాక్‌వూల్, సీలింగు. వరండాకు విడి కప్పు. వంటగదికి ఇటుక గోడలు. డబ్బు చాలకపోతే భోజనశాల వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాం, గదుల కప్పులో మాత్రం దేనినీ తగ్గించం. గాలి లెక్క చేసి సంతకం పెట్టిన డ్రాయింగు లేని కొటేషన్ చదవబోం.

కాకినాడ వారికి ఒక్క ప్రశ్న. కప్పు మార్చేది వేసవి సెలవుల్లో. అప్పటిదాకా ఆ గోడ పక్క సిమెంటును ఇప్పుడే చెక్కించి తీసేస్తే మేలా, లేక కదిపితే నీళ్లు కారతాయా? ఆ గోడ పక్కనే ఆరో తరగతి కూర్చుంటుంది.

షెడ్ల పని, కాకినాడ

ఇప్పుడు చెక్కవద్దు మాస్టారూ. తుప్పు తిన్న రేకు సుత్తి దెబ్బకు చిల్లులు పడుతుంది. ఆ అంచు పొడవునా అంటుకునే బ్యూటైల్ టేపు, అడుగు వెడల్పుది, గోడ మీద సగం, రేకు మీద సగం పడేలా వేయించండి. వేసే ముందు రెండు రోజులు ఎండ కాయాలి. వేసవిదాకా ఆగుతుంది. ఆరో తరగతి బల్లలను మాత్రం రెండు అడుగులు ఇవతలికి జరిపించండి.