మెక్సికోను గెలిచిందెవరు? స్పెయిన్ వాళ్లా, త్లాస్కాలా వాళ్లా?

మునిమాపు:
ఈ మధ్య మెక్సికో చరిత్ర మీద వచ్చిన పుస్తకాలు వరసపెట్టి చదువుతున్నాను. స్కూల్లో మనకు చెప్పింది రెండు ముక్కలు. స్పెయిన్ నుంచి కోర్టెస్ అనేవాడు 1519లో గుప్పెడు మందితో దిగాడు, గుర్రాలూ తుపాకులూ చూసి అక్కడ రాజ్యమేలుతున్న అజ్టెక్‌లు అతన్ని దేవుడనుకున్నారు, 1521 ఆగస్టుకల్లా రాజ్యం పోయింది. మాథ్యూ రెస్టాల్, కమిల్లా టౌన్‌సెండ్, మెక్సికో చరిత్రకారుడు ఫెదెరికో నవర్రెతె లాంటి వాళ్లు ఈ కథను కొట్టిపారేస్తున్నారు. రాజధాని టెనోచ్‌టిట్లాన్‌ను కూల్చిన సైన్యంలో ఎక్కువమంది త్లాస్కాలా మొదలైన స్థానిక రాజ్యాల వాళ్లేనట. వినడానికి బాగానే ఉంది. కానీ వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారంటే స్పెయిన్ చేతికంటిన నెత్తురు కడిగేసినట్టు కాదా?

వంశధార:
ఎందుకవుతుందండీ? ముందు లెక్క చూడండి. 1521 ముట్టడి నాటికి కోర్టెస్ దగ్గరున్న స్పెయిన్ వాళ్లు దాదాపు 900 మంది. పక్కనున్న స్థానిక సేనలు పదుల వేలల్లో. అంతకు ముందు ఏడాది జూన్ 30 రాత్రి మెషీకాలు (మనం అజ్టెక్‌లు అనేది వీళ్లనే) నగరంలోంచి తన్ని తరిమితే, చావు తప్పి కన్ను లొట్టపోయి వచ్చిన కోర్టెస్‌కు నీడ ఇచ్చింది త్లాస్కాలాయే.

నగరం సరస్సు మధ్యలో ఉంది కాబట్టి పడవలు కావాలి. 13 పడవలకు కావలసినవన్నీ త్లాస్కాలాలో తయారుచేసి, విడి భాగాలుగా కొండల మీదుగా సరస్సు ఒడ్డున ఉన్న తెస్కోకో ఊరి దాకా మోసుకెళ్లారు. పలకలూ సామానూ మోసినవాళ్లు 8,000 మందికి పైనేనని స్పెయిన్ రాజుకు రాసిన ఉత్తరంలో కోర్టెసే చెప్పాడు. ఆ బారు తెస్కోకోలోకి వచ్చి చేరడానికే ఆరు గంటలకు పైగా పట్టిందట. ఆ దారి ఒకసారి ఊహించుకోండి, గుప్పెడు మంది గెలిచారన్న కథ నిలబడుతుందా?

త్లాస్కాలా వాళ్లు అమాయకులై కలవలేదు. మెషీకాలు వాళ్లను ఏళ్ల తరబడి చుట్టుముట్టి ఉప్పు, పత్తి అందకుండా చేశారు. 1519 సెప్టెంబర్‌లో కోర్టెస్ వస్తే ముందు అతనితోనే యుద్ధం చేశారు. తర్వాత లాభనష్టాలు బేరీజు వేసుకుని చేయి కలిపారు. ఇక దేవుడి సంగతి. తనను దేవుడన్నారని కోర్టెస్ తన ఉత్తరాల్లో ఎక్కడా రాసుకోలేదు. గొప్పలు చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కూడా కాదు! ఆ కథ తర్వాతి దశాబ్దాల్లో రాసినవాళ్ల పుణ్యమే.

కారప్పొడి:
దేవుడు అనలేదు సరే. ‘తూర్పుకు వెళ్లిపోయిన మా పూర్వపు ప్రభువు మిమ్మల్ని పంపాడు’ అని మెషీకాల రాజు మోక్తెజూమా తనతో అన్నట్టు అదే ఉత్తరాల్లో రాశాడుగా? ఆ సగం కూడా చెప్పాలి కదా.

అసలు మాటకొస్తాను. పలకలు ఎంతమంది మోశారన్నది కాదు, చివరికి పీఠమెక్కింది ఎవరన్నదే నా ప్రశ్న. 1519 అక్టోబర్‌లో చొలూలా అనే నగరంలో ఊచకోత కోయించింది కోర్టెస్. 1520 మేలో టెనోచ్‌టిట్లాన్‌లో పండగ చేసుకుంటున్న జనాన్ని గుడి ఆవరణలో నరికించింది అతని కింది అధికారి అల్వరాదో. ఆ ఏడాదే మశూచి వచ్చి నగరాన్ని ఊడ్చేసింది. కూటమి అంటున్నారు సరే, ముట్టడికి ముందు త్లాస్కాలా సేనాని షికోతెన్కాత్ల్‌ను కోర్టెస్ ఉరితీయించాడు. సమానులైతే ఉరి ఎక్కడిదండీ? పైగా ఇదేమీ కొత్త సిద్ధాంతం కాదు. ‘విజయం ఇండియన్లు (అంటే అక్కడి స్థానికులు) చేశారు, స్వాతంత్ర్యం స్పెయిన్ వాళ్లు తెచ్చారు’ అని మెక్సికోలో పాత సామెతే ఉంది. 2019లో మెక్సికో అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రదోర్ ఈ దండయాత్రకు క్షమాపణ చెప్పమంటే స్పెయిన్ కుదరదంది. అలాంటి వాళ్ల చేతికి ఈ పుస్తకాలు మంచి ఆయుధం.

లెక్కలమాస్టారు:
మన బొబ్బిలి కథ గుర్తొస్తోంది. 1757లో కోట మీదికి వచ్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులే, కానీ వెంట ఉన్నది విజయనగరం విజయరామరాజు. జనం ఇప్పటికీ ఇద్దర్నీ తిట్టుకుంటారు. ఒకర్ని తిడితే ఇంకొకరు బయటపడిపోవాలని రూలేం లేదు.

వంశధార:
మాస్టారు నా పని సులువు చేశారు. కారప్పొడి గారూ, యుద్ధం ఎవరు గెలిచారన్నది ఒక ఖాతా, తర్వాత 300 ఏళ్ల పాలన ఇంకో ఖాతా. మీరు రెండూ కలిపేస్తున్నారు. మిత్రుల పాత్ర ఒప్పుకుంటేనే రెండో ఖాతాలోని మోసం ఎంతో తెలుస్తుంది.

వెహోట్సింగో అనే ఊరుంది, త్లాస్కాలా పొరుగే. ఆ ఊరి పెద్దలు 1560లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు తమ నావాట్ల్ భాషలో ఉత్తరం రాశారు. చదివితే కడుపు తరుక్కుపోతుంది. త్లాస్కాలా వాళ్లు మీతో కొట్లాడారు, మేం ఒక్క బాణం కూడా వేయలేదు, తిండి పెట్టాం, దెబ్బలు తగిలినవాళ్లను చేతుల మీద మోశాం, పడవలకు కలప ఇచ్చాం అని ఏకరువు పెట్టి, ఇప్పుడు ఈ పన్ను కట్టలేక చస్తున్నాం అని మొరపెట్టుకున్నారు. గెలిపించినవాళ్లకు దక్కింది ఇది. మిత్రులే లేరన్నట్టు పాత కథ చెప్పుకుంటే ఈ ఉత్తరానికి చోటెక్కడ?

సన్నజాజి:
ఆ ఉత్తరం నిజమే కానీ అర్జీ కూడానండీ. పన్ను తగ్గించమని అడిగేవాడు తన సేవ కాస్త పెంచే రాస్తాడు. త్లాస్కాలా నగర సభ 1552 ప్రాంతంలో వేయించిన పెద్ద బొమ్మల వస్త్రం కూడా ఇంతే. అందులో తాము కోర్టెస్‌తో మొదట చేసిన యుద్ధం ఊసే ఎత్తలేదు! సహగున్ అనే సన్యాసి స్థానిక పండితులతో కలిసి తయారుచేసిన చేతిరాత గ్రంథం ఫ్లోరెంటైన్ కోడెక్స్‌లో 12వ సంపుటం యుద్ధం గురించే. అది ఎక్కువగా టెనోచ్‌టిట్లాన్‌ను ఆనుకుని ఉన్న జంట నగరం త్లతెలోల్కో వాళ్ల గొంతు, తప్పంతా మోక్తెజూమా మీదికి నెడుతుంది. స్థానికుల ఆధారాలు కదా అని కళ్లు మూసుకుని నమ్మితే, పాతవాళ్లు స్పెయిన్ కాగితాలను నమ్మినట్టే. 2023 నుంచి ఆ కోడెక్స్ మొత్తం గెట్టీ సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టింది, బొమ్మల కోసమైనా తిరగేయండి.

కారప్పొడి:
రెండు ఖాతాల మాట ఒప్పుకుంటా, సగమే. త్లాస్కాలాకు రాయితీలు దక్కాయి. 1591లో 400 కుటుంబాలను ఉత్తరాదికి పంపినప్పుడు గుర్రమెక్కే హక్కూ, ఆయుధం పట్టే హక్కూ ఇచ్చారు. పంపింది ఎక్కడికి? ఏళ్ల తరబడి చిచిమెకాలనే ఉత్తరాది తెగలతో యుద్ధం జరిగిన సరిహద్దుకు. దాన్ని గౌరవం అనాలా, ఇంకొకరి నేలలో కాపలా కూర్చోబెట్టడం అనాలా?

మునిమాపు:
నేను అడిగింది ఒకటి, ఇక్కడ తేలింది నాలుగు. టెన్షన్ పెరిగింది తప్ప తగ్గలేదు. ముందు ఏది చదవమంటారు?

వంశధార:
టౌన్‌సెండ్ ‘ఫిఫ్త్ సన్’. 2019లో వచ్చింది, మరుసటి ఏడాది చరిత్ర పుస్తకాలకిచ్చే కండిల్ బహుమతి కొట్టింది. నావాట్ల్‌లో వాళ్లే రాసుకున్న వార్షిక చరిత్రల మీద నడుస్తుంది. కారప్పొడి గారూ, మీరూ చదవండి. ఆ 400 కుటుంబాల మీద వేరే చర్చ మొదలుపెడదాం, అక్కడ మీ వైపే ఉంటానేమో.