మ్యోదెన్‌లో ఇల్లు తీసుకోవచ్చా? అక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మేం ఐదేళ్లుగా టోక్యోలో, నిషికసాయ్‌లో ఉంటున్నాం. అద్దె భారమై అదే తోజాయ్ మెట్రో రైలు లైన్‌లో ఇంకాస్త ముందుకు, చిబా వైపున్న మ్యోదెన్‌కి మారాలనుకుంటున్నాం.

మొన్న వెళ్లి చూశాం. స్టేషన్ దాటి లోపలికి నడిస్తే అంతా నిశ్శబ్దం. ఒక పెద్దావిడ ఇంటి ముందు చిమ్మి, కాకులు చింపకుండా చెత్త సంచుల మీద వల సర్దుతోంది. సాయంత్రం ఐదింటికి మైకులో సంగీతం మోగగానే పార్కులో పిల్లలంతా ఇంటిదారి పట్టారు. మా పాపకి అక్కడే ఉండిపోవాలనిపించింది, నాకూ అంతే.

టెన్షన్ అంతా నీళ్ల గురించే. ఒకపక్క ఎదోగావా నది, దక్షిణాన టోక్యో అఖాతం, మధ్యలో పల్లపు నేల. మాకు చూపించింది కింది అంతస్తు. పెద్ద తుపాన్లప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఏం చేశారు? పై అంతస్తు దొరికేదాకా ఆగమంటారా?

ఏప్రిల్‌లో పాప ఒకటో తరగతి. నాకు జపనీస్ చదవడం సరిగ్గా రాదు. బడి నుంచి వచ్చే కాగితాలు మీరెలా నెట్టుకొస్తున్నారు? దగ్గర్లో తెలుగువాళ్లు ఉన్నారా? పొద్దున మ్యోదెన్‌లోనే బయల్దేరే రైళ్లలో సీటు దొరుకుతుందా? ఈ నెలాఖరులోగా ఏజెంటుకి మాట చెప్పాలి, దయచేసి తెలిసింది రాయండి.